చెరువుగట్టున పక్షుల లెక్క

మాదాపూరు, కొండాపూరు, కొత్తగూడ, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, గోపన్‌పల్లి అను హైదరాబాదు ప్రాంతముల పేర్లు వినగానే నేటి పాఠకునికి అద్దపు మేడలును, మెట్రోరైలును, రాత్రి పగలు తెలియని కంప్యూటరు కొలువులును తలపునకు వచ్చుట సహజమే. కాని 1998లో సైబర్ టవర్స్ అను కంప్యూటరు కొలువుల మేడ తలుపులు తెరచుకొను నాటికి ఇవి జొన్నచేలును, మేకలమందలును, సీతాఫలపు పొదలును, గుండ్రాళ్ల గుట్టలును గల పల్లెలే. పల్లె పోయినదని చెప్పుట సులభము. అయితే పల్లెను ఆశ్రయించి బ్రతికిన పక్షిజాతి అంతయు దానితో పోలేదు. దుర్గంచెరువు ఉన్నది; కొత్తగూడ వృక్షోద్యానమున్నది; హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణములో విద్యార్థులు పీకాక్ లేక్ అనియు, బఫెలో లేక్ అనియు పిలుచుకొను కుంటలున్నవి; మరికొంత దూరము పోయినచో, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడిన అమీన్‌పూరు చెరువున్నది. ఆదివారము తెల్లవారుజామున వీని గట్లమీద మెడలో బైనాక్యులరును, చేతిలో చిన్న పుస్తకమో ఫోనో పట్టుకొని కదలక నిలిచియుండు మనుష్యులు కనబడుదురు. వారమంతయు తెరముందు కూర్చుండువారే వీరిలో ఎక్కువమంది. వారు చేయు పనికి ఒక సంప్రదాయమున్నదనియు, దాని విలువ వింతపక్షిని చూచుటలో లేదనియు చెప్పుటయే నా ఉద్దేశము.

సంప్రదాయమనుట అతిశయోక్తి కాదు. సైన్యవైద్యుడైన జెర్డన్ దొర 1862-64 మధ్య ప్రకటించిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో హిందుస్థానీ, తమిళ నామములతోపాటు తెలుగు నామములనుకూడ చేర్చెను, వానిలో పెక్కు పిట్టలు పట్టి జీవించువారిని అడిగి తెలిసికొన్నవి. 1931-32లో పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ నిజాం ప్రభుత్వపు ఆదరమున సంస్థానమంతయు తిరిగి పక్షుల సర్వే జరుపగా, ఆ నివేదిక హ్యూ విస్లర్ వివరణలతో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వెలువడెను. 1980లో హైదరాబాదునందు పక్షివీక్షకుల సంఘమొకటి ఏర్పడెను. డెక్కన్ బర్డర్స్ అను పేరున నేటికిని అది నడచుచున్నది. ఈ చరిత్రలో దొరలును, శాస్త్రజ్ఞులును కనబడినంతగా వేటగాండ్రు కనబడకపోవుట ఒక లోపము. 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదనుకొన్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల దొరకినదన్నచో, రాత్రివేళ టార్చిలైటు వెలుతురున దానిని పట్టితెచ్చిన ఐతన్న అను వేటగాని కంటిచలువ అది. పండితులు దశాబ్దములు వెదకిన పిట్ట ఆతనికి ఊరిప్రక్క పిట్టయే.

ఇక విధానము. పక్షిని కంటితో చూచుట రెండవ మెట్టు, మొదటిది చెవి. తెలతెలవారుచుండగా గట్టెక్కి, మాటలాడక, కొంతసేపు ఊరక నిలువవలెను. గాలి లేచిన తరువాతను, వాహనముల రొద మొదలైన తరువాతను సగము లెక్క పోవును. పికిలిపిట్ట, కోకిల, జెముడుకాకి, లకుముకిపిట్ట మొదలగువానిని అలవాటుపడినవాడు కన్ను మూసికొనియే వ్రాసికొనును. జెముడుకాకి లోతైన గొంతున ‘ఊప్ ఊప్’మనుచు పొదలో కదలుచుండగా దానిని చూడవలెనని ముండ్లలో దూరువాడు క్రొత్తవాడు. సూర్యుడు వీపునకు ఉండవలెను. లేనిచో నీటిమీది ప్రతి పక్షియు నల్లనిదే. బైనాక్యులరుమీద 8x42 అని ఉండును. మొదటి అంకె ఎన్నిరెట్లు దగ్గర చూపునో చెప్పును, రెండవది ముందరి కటకపు వ్యాసము మిల్లీమీటరులలో. ఎక్కువ రెట్లు చూపునది గొప్పదని కొని, చేయి వణకుటచే ఏమియు కానక బాధపడువారు కలరు. పక్షి కనబడిన తరువాత బైనాక్యులరు వెదకరాదు. చూపు పక్షిమీదనుండి తీయక, బైనాక్యులరునే కంటికెత్తుకొనవలెను.

రంగును చివర నమ్మవలెను. ఆకారము, పరిమాణము, ఎగిరెడి తీరు, కూర్చుండెడి చోటు ఇవి ముందు. తీగమీద చీలినతోకతో కూర్చుండి, పురుగును గాలిలో పట్టి, తిరిగి అదే తీగకు వచ్చునది పసుల పోలిగాడు. బఱ్ఱెవీపునెక్కి మేతభూములలో తిరుగునదియు అదియే. రంగును నమ్మి చెడుటకు గుడ్డికొంగను మించిన ఉదాహరణము లేదు. సంవత్సరములో అధికభాగము అది బురదరంగు పిట్ట. గట్టున కదలక కూర్చున్నచో అడుగు దూరమునకు పోవువరకును కనబడదు, ఎగిరినపుడు మాత్రము రెక్కలు తెల్లగా మెరయును. తొలకరి పడగానే వీపుమీద ముదురు ఎరుపు ఈకలు దిగును. అపుడు దానిని వేరొక కొంగగా వ్రాసికొను క్రొత్తవారు ప్రతిసంవత్సరము కనబడుదురు. అందుచేత పక్షులను నేర్చుకొనుటయనగా ఋతువులనుకూడ నేర్చుకొనుటయే.

మృగశిర కార్తెకు అటునిటుగా చాతకము వచ్చును. తలమీద జుట్టు, నలుపు తెలుపు దేహము గల ఈ కోకిలజాతి పక్షి ఋతుపవనములవెంట ఆఫ్రికానుండి సముద్రము దాటి వచ్చునని పక్షిశాస్త్రజ్ఞుల మాట. వానచినుకు తప్ప మరియొక నీరు త్రాగదను కవిసమయమును అటుంచి, గచ్చిబౌలి కంచలలో అది ఇతరపక్షుల గూళ్లలో గ్రుడ్లుపెట్టి పోవు గడుసుపక్షి. కాని వర్షర్తువున తీరికగా చూడదగినది గిజిగాడు. నల్లగండ్ల, గోపన్‌పల్లి వైపున మిగిలిన ఈతచెట్లయొద్దను, నీటిమీదికి వంగిన తుమ్మకొమ్మలయొద్దను దూరముగా కూర్చుండి చూడవలెను. తలమీద పసుపు తిరిగిన మగపిట్ట ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆ చివర పట్టుకొని ఎగురును. ఆ ఎగురుటలోనే ఆకు పొడవునా సన్నని పేలికగా చీలి దానివెంట వచ్చును. అట్టి పేలికలను ముడివేసి మొదట ఒక వలయము, ఆపై బోర్లించిన టోపీవంటి అరగూడు అల్లును. అచ్చట పని ఆపి, రెక్కలు విదలించుచు, ఆడపిట్టలను పిలుచును. ఆడది వచ్చి, అడ్డుపట్టెమీద కూర్చుండి, అల్లికను ముక్కుతో లాగి చూచును. మెచ్చినచో మగది గ్రుడ్లగదిని మూసి, క్రిందికి పొడవైన గొట్టమును దింపును. మెచ్చనిచో అరగూడు అటులే వ్రేలాడును. కావున చెట్టున ఎన్ని అరగూళ్లు, ఎన్ని గొట్టపుగూళ్లు ఉన్నవో వేరువేరుగా లెక్కించినవాడు ఆ సంవత్సరము ఎన్ని కాపురములు కుదిరినవో ఇంచుమించుగా చెప్పగలడు. ఒకదానిలో ఆడది కుదురుకొనగానే మగది ప్రక్కకొమ్మమీద ఇంకొకటి మొదలుపెట్టును. ఈ బహుభార్యాత్వమును బొంబాయి సమీపమున కిహిములో నెలలతరబడి కూర్చుండి తేల్చి వ్రాసినవాడు సాలిం అలీయే. హైదరాబాదు సర్వేకు ఆయన దిగినది ఆ తరువాతనే. గిజిగాడు మిణుగురులను గూటిలో అంటించి దీపము పెట్టుకొనునని పెద్దలు చెప్పు కథ మనోహరమైనదే గాని, లోపల కనబడునది మట్టిముద్ద మాత్రమే.

శరదృతువున వలస మొదలగును. మధ్య ఆసియానుండి గులాబిరంగు గోరింకలు గుంపులుగుంపులుగా దిగును. జొన్నకంకులున్నకాలమున రైతునకు శత్రువులైన ఇవి నేడు రావిపండ్లకును, మఱ్ఱిపండ్లకును మరలినవి. సాయంకాలమున పడకచెట్టుకు చేరునపుడు వీనిని ఒక్కొక్కటిగా లెక్కించుట అసాధ్యము. అపుడు పది పక్షులను లెక్కించి, ఆ పది ఆకాశమున ఎంతచోటు ఆక్రమించినవో కంటితో పట్టి, ఆ ముక్కను గుంపుమీద ఎన్నిమారులు పరచవచ్చునో చూతురు. పెద్దగుంపునకు పదికి బదులు నూరు. అభ్యాసము లేనివాని అంచనా దాదాపు ఎల్లపుడు తక్కువకే తూగును. మార్గశిర పుష్యములలో చెరువులమీద బాతులు, గట్టుమీద తోకనాడించు జిట్టంగులు, జమ్ముమీద తేలియాడుచు తిరుగు పిల్లిగద్ద కనబడును. జనవరిలో నీటిపక్షుల ఆసియా గణన జరుగును. 1987లో మొదలైన ఈ లెక్కకు మన చెరువులనుండియు అంకెలు పోవును.

ఇంతకును ఈ లెక్కల కీలకమేమి? అది ఒక్కమాటలో చెప్పదగినది: లేని పక్షినికూడ వ్రాయుట. చెరువుకు పోయి గంటసేపు తిరిగి, కనబడినవన్నియు వ్రాసి, ఇదియే పూర్తి జాబితాయని సంతకము చేసినవాడు, తన జాబితాలో లేని పక్షులు ఆనాడు అచ్చట తనకు కానరాలేదని సాక్ష్యమిచ్చుచున్నాడు. ఫొటో తీయదగిన నాలుగు పిట్టలను మాత్రము వ్రాసి, కాకిని, గోరింకను వదలినవాని వ్రాతకు ఈ గుణము లేదు. ఎంతసేపు, ఎంతదూరము, ఎందరు అను మూడు వివరములును తోడైనచో, ముప్పదిఏండ్ల క్రిందటి వ్రాతను నేటి వ్రాతతో పోల్చవచ్చును. అరుదైన పక్షికై నూరుమైళ్లు కారులో పోవు ఉత్సాహమును నేను నిందింపను. కాని ఇంటిప్రక్క కుంటకు పదేండ్లు పోయినవాని పుస్తకమును నేను దానికంటె ఎక్కువగా గౌరవింతును.

ఇట్టి పూర్తి జాబితాల విలువకు నిదర్శనము మన పాలపిట్టయే. దసరానాడు దానిని చూచుట శుభమని తెలంగాణమున అనాదిగా నమ్మకము; 2014లో కొత్త రాష్ట్రము దానినే తన పక్షిగా నిలిపికొన్నది. తీగమీద కూర్చున్నపుడు మట్టిరంగు పిట్టయే. ఎగిరినచో రెక్కలలోని నీలములు రెండును ఒక్కసారి విప్పుకొనును. 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ అను నివేదిక, 30,000 మందికి పైగా సామాన్య పరిశీలకులు పంపిన సుమారు 3 కోట్ల నమోదులను కూర్చి 942 జాతుల స్థితిని విచారించినది. అందులో కోకిలయు, నెమలియు పెరుగుచున్నవనియు, పాలపిట్ట తగ్గుచున్నదనియు తేలినది. ఎల్లచోట్ల తీగలమీద కనబడు పక్షి తరుగుచున్నదని ఒక్కని కంటికి ఎన్నటికిని తెలియదు. అది వేలమంది వ్రాసిన శూన్యములను కూడినపుడు తెలిసినది. దసరాకు ఆ పిట్టను పట్టి, కాళ్లు కట్టి, పంజరమున పెట్టి కాసులకు చూపువారు నగరమున ఇంకను కలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముప్రకారము అది నేరము, శుభము సంగతి అటుంచుడు.

మరియొక నిదర్శనము ఇటీవలిది. 2025 మార్చి నెలాఖరున విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరములలో యంత్రములు దిగి చెట్లు కూల్చినపుడు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని నిలుపుమని ఆదేశించెను. భూమి ఎవరిదను వివాదములోనికి నేను పోను. అచ్చట ఏమున్నదను ప్రశ్న వచ్చినపుడు మాత్రము జవాబు కొరకు ఎవరును తడుముకొనలేదు: రెండువందలకు పైబడిన పక్షిజాతులు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు, ఉడుములు అని ఆవరణపు జాబితాలు ఏండ్లుగా సిద్ధముగా ఉన్నవి. ఎవరో ఒకరు పరీక్షలనడుమను, వానలనడుమను పోయి వ్రాసినవే అవి.

కొన్ని నియమములు వ్రాతలో లేకున్నను పెద్దలు పాటింతురు. ఖాజాగూడ రాళ్లలో కాపురముండు పెద్దగుడ్లగూబ గూటిచోటు నలుగురికి చెప్పరు. ఫోనులో పక్షికూత వినిపించి దానిని బయటికి రప్పింపరు. ప్రత్యర్థి వచ్చినదని తలచి గూడు వదలి వచ్చు పక్షి గ్రుడ్లను కాకికి అప్పగించుచున్నది.

పరిశీలకుల లెక్కపుస్తకములలో ఎక్కువగా ఖాళీపుటలు మే నెలవి. ఎండకు జంకి పరిశీలకులు రారు. వలసపక్షులు పోయినవి గనుక చూచుటకేమున్నదనుకొందురు. కాని తీతువు కాపురము ఆ ఎండలోనే. ఆఫీసు ఆవరణములలో కంకరపరచిన చోట్లను, ఒక్కొకప్పుడు మేడల కప్పులమీదను, గూడనదగినదేదియు లేక, నాలుగు రాళ్లరంగు గ్రుడ్లుపెట్టి పొదుగును. నడివేసవి మధ్యాహ్నమున తల్లి నీటికి పోయి, పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడితో గ్రుడ్లను చల్లబరచును. మనిషి సమీపించినచో ‘డిడ్ హి డూ ఇట్’ అని ఆంగ్లేయులు విన్న ఆ అరపును ఎడతెగక అరచుచు దూరముగా తీసికొనిపోవ చూచును. ఈ గ్రుడ్లు ఎచ్చటనున్నవో తెలిసినవారు ఆవరణపు తోటమాలులును, గేటుదగ్గరి కావలివారును. గడ్డికోయు యంత్రము పోకుండ చుట్టు ఇటుకలు పేర్చి పెట్టినవారు వారిలో కలరు. మే నెల లెక్కకు వెళ్లువారు ముందు వారిని అడిగి, పిదప బైనాక్యులరు తీయవలెను.