మాటకు కాపు కాసే వృత్తి

కోల్‌కతా నైరుతి అంచున, హుగ్లీ ఒడ్డున ఉన్న గార్డెన్ రీచ్‌లో కర్మాగారాల మోత, అనేక భాషల మాట పక్కపక్కనే బతుకుతున్నందువల్ల, వినికిడిని పరీక్షించే ఆడియాలజిస్టు పనీ, మాటలోనూ భాషలోనూ లోపాలను గుర్తించి సరిదిద్దే స్పీచ్ థెరపిస్టు పనీ ఎంత అవసరమైనవో అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

1884లో మొదలై 1960లో ప్రభుత్వం చేతికి వచ్చిన గార్డెన్ రీచ్ ఓడల కర్మాగారం ఆ పేటకు జీవనాధారాలలో ఒకటి. ఇనుప పలకలను కోసి, అతికి, సానపట్టే ఇటువంటి పనిలో ఏళ్ల తరబడి మోతకు గురైతే, లోపలి చెవిలో ధ్వనిని నాడీసంకేతంగా మార్చే సూక్ష్మ రోమకణాలు దెబ్బతింటాయి, ఒకసారి నశించిన కణాలు తిరిగి మొలవవు. రోజుకు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు అని నిబంధనలు చెబుతాయి. మోతవల్ల వచ్చే చెవుడును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అధికారులకు తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఈ నష్టం సాధారణంగా 4000 హెర్ట్జ్ పరిసరాల్లో మొదలవుతుంది కనుక అచ్చులు వినబడుతూనే ఉంటాయి గాని, స, త వంటి హల్లుల తేడా చెరిగిపోతుంది. శబ్దం వినిపిస్తోంది గాని మాట తెలియడం లేదని కార్మికుడు చెప్పేసరికి జరగవలసిన హాని జరిగిపోయి ఉంటుంది; ఏ స్థాయి ధ్వని ఎంతవరకు వినబడుతున్నదో గీతగా చూపే ఆడియోగ్రామ్‌ను ఏటా తీయించగలిగితే దాన్ని ముందే పసిగట్టవచ్చు.

ఇక భాష సంగతి. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లోనే ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వేలోకి మారేవరకు వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది కనుక, ఆ రైలుమార్గం వెంట తెలుగు కుటుంబాలు బెంగాలుకు చేరాయి. అటువంటి ఇంట పెరిగే బిడ్డ ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, ఉర్దూ వింటుంది. బెంగాలీలో అచ్చు పొడవునుబట్టి అర్థం మారదు, క్రియకు లింగభేదం లేదు, ళకారం లేదు. తెలుగులో పలు, పాలు వేరు, కల్లు, కళ్ళు వేరు, వచ్చాడు, వచ్చింది వేరు. బెంగాలీ కొలతతోనే ఆ బిడ్డను పరీక్షించే నిపుణులకు అసలు లోపం కనబడకపోవచ్చు, లేదా భాషలు కలిపి మాట్లాడే సహజమైన అలవాటే లోపంగా కనబడవచ్చు. బహుభాషా వాతావరణం భాషాలోపానికి కారణం కాదు; అయినా ఇంటి భాష మానేయమని తల్లిదండ్రులకు సలహా ఇవ్వడం బిడ్డకు అమ్మమ్మతో మాటనే తెంచడమవుతుంది.

ఈ వృత్తిలోకి దారి ఇంటర్మీడియట్ సైన్సు తర్వాత నాలుగేళ్ల పట్టాతో మొదలవుతుంది. అందులో చివరి ఏడాది ఆసుపత్రులలో, శిక్షణ కేంద్రాలలో ఆచరణాత్మక శిక్షణ, ఆపైన వినికిడి, భాష అనే రెండు శాఖలలో విడివిడిగా స్నాతకోత్తర చదువు ఉంటాయి. వృత్తి చేయడానికి భారత పునరావాస మండలిలో నమోదు అవసరం. 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, 1983లో ముంబయిలో వినికిడి లోపాల జాతీయ సంస్థ ఏర్పడ్డాయి. హైదరాబాదుకు చెందిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టుకున్న ఆ రెండో సంస్థకు సికింద్రాబాదులోనూ, కోల్‌కతాలోని బన్‌హుగ్లీలోనూ ప్రాంతీయ కేంద్రాలున్నాయి. ఆసుపత్రులు, ప్రత్యేక పాఠశాలలు, వినికిడి పరికరాల సంస్థలు, పరిశోధన, బోధన, ఇవన్నీ ఈ పట్టాకు తెరిచిన తలుపులే.

అయితే తరగతిగదిలో ధ్వనిశాస్త్రం నేర్పవచ్చు గాని, నాలుగు భాషల మధ్య పెరిగిన చెవికి అలవడే సున్నితత్వాన్ని నేర్పడం చాలా కష్టం. గార్డెన్ రీచ్ వంటి పేటల పిల్లలకు ఆ చెవి పెరిగే వాతావరణంలోనే దొరుకుతున్నది. అందువల్ల, ఇంజనీరింగు, వైద్యం అనే రెండు మాటల దగ్గరే ఆగిపోతున్న తల్లిదండ్రులు ఈ మూడో మాటను కూడా బిడ్డల ముందు ఉంచాలి. బెంగాలులోని తెలుగు సంఘాలు ఏటా ఒక్క విద్యార్థి చదువుకు చేయూత ఇచ్చినా, పక్షవాతంతో మాట పోయిన తాతకు తెలుగులోనే తిరిగి మాట నేర్పగలిగే మనిషి ఆ ఊళ్లోనే తయారవుతాడు.