చూసే అక్షరం, చదివే అక్షరం

ఖాట్మండు లోయలో నేవారులు వాడిన రంజన, ప్రచలిత, భుజిమోల్ లిపులను లేఖనకళ ద్వారా కాపాడే ప్రయత్నం నేడు ఉత్సాహంగా సాగుతోంది. రాణాల పాలనలో నేపాల్ భాష అణచివేతకు గురికాగా, నిత్యవ్యవహారంలో దేవనాగరి స్థిరపడింది. ఆ చరిత్ర దృష్ట్యా ఈ కృషి అభినందనీయమే. అయితే దాని దిశను పరిశీలించవలసి ఉంది.

ఈ కళకు ప్రతీకగా నిలిచినది కూటాక్షరం. మంత్రాక్షరాలను ఒకదాని కింద ఒకటి పేర్చి మలచే ఆ ఆకృతి సౌష్ఠవం నిర్వివాదం. కాని అది ప్రధానంగా దర్శనానికి ఉద్దేశించినది. టిబెట్‌లో రంజన 'లాంత్స' పేరుతో విహారాల దూలాలపైనా, ప్రార్థనా చక్రాలపైనా శతాబ్దాలుగా నిలిచింది. అక్కడ అక్షరరూపం పవిత్రాలంకారంగా దక్కింది. ఆ లిపిలో చదివే అలవాటు మాత్రం జనంలో పాదుకోలేదు.

నేపాల్‌లో నేడు కోల్పోయే ప్రమాదమున్నది ఆ అలవాటునే. భారతభూమిలో లుప్తమైన అనేక సంస్కృత బౌద్ధ గ్రంథాలు ఆధునిక పండితులకు నేపాల్ ప్రతుల ద్వారానే లభించాయి. హాడ్జ్‌సన్ అక్కడ సేకరించి పంపిన ప్రతుల ఆధారంగా బర్నూఫ్ చేసిన సద్ధర్మపుండరీక ఫ్రెంచి అనువాదం 1852లో వెలువడింది. అటువంటి ప్రతుల చివర లేఖకుడు రాసే పుష్పికలో తరచుగా నేపాల్ సంవత్ తిథి, రాజు పేరు, దాత పేరు ఉంటాయి. క్రీ.శ. 879లో మొదలైన ఆ శకపు అంకెలను చదవగలిగితేనే ప్రతి కాలం తేలుతుంది.

కనుక శిక్షణ తమ పేరును రంజనలో రాసుకోవడంతో ముగియరాదు. నేర్చుకునేవారి చేత ఒక పుష్పికను చదివించి, నకలు రాయించి, దాని తిథిని లెక్కింపజేయాలి. అప్పుడే కలం పట్టిన చేయి పూర్వలేఖకుని పనిని కొనసాగించినట్లవుతుంది.