కనబడని నీటికి కథ కట్టడం

భూగర్భ జలాన్ని కథావస్తువుగా తీసుకున్న రచయితకు మొదటి చిక్కు ఆ నీరు కంటికి కనబడకపోవడమే. బోరులో నీటిమట్టం ఏళ్ల తరబడి దిగిపోతుంది. థ్రిల్లర్‌కు, అంటే గడువు ముంచుకొస్తున్నదన్న ఆత్రుతే ఊపిరిగా నడిచే కథకు, ఆ నెమ్మది సరిపడదు. ఎ.ఆర్. మురుగదాస్ 2014లో తమిళంలో తీసిన ‘కత్తి’, దాన్నే వి.వి. వినాయక్ 2017లో చిరంజీవితో తెలుగు చేసిన ‘ఖైదీ నంబర్ 150’ ఈ చిక్కును విప్పిన తీరు స్క్రీన్‌ప్లే, అనగా సన్నివేశాల అల్లిక, నేర్చుకునేవారు శ్రద్ధగా చూడదగినది.

బీటలు వారిన నేలను ఎంతసేపు చూపినా ప్రేక్షకుడు జాలిపడతాడు గాని ఉలిక్కిపడడు. అందుకే కథానాయకుడు ఊరి వృద్ధులను వెంటబెట్టుకొని నగరానికి నీరు చేరవేసే భారీ గొట్టాలలో బైఠాయిస్తాడు. కుళాయిలు ఎండి, పల్లె కరవు పట్నపు వంటింట్లోకి వచ్చిపడుతుంది, కథకు కావలసిన గడువూ దొరుకుతుంది. చీకటిలో నాణేలు విసిరి గూండాలను చిత్తు చేసే పోరాటానికే ఈలలు ఎక్కువ పడి ఉండవచ్చు గాని, కూర్చోవడమే చర్యగా మారిన ఈ ఘట్టానిదే అసలు పనితనం. ద్విపాత్రాభినయం సైతం ఇక్కడ తారకు తొడిగిన నగ కాదు: న్యాయపోరాటాన్ని నమ్ముకున్న చదువరినీ జైలు నుంచి పారిపోయిన ఖైదీనీ ఒకే ముఖంతో నిలపడం వల్ల ఉద్యమమూ యాక్షనూ ఒకదాన్నొకటి తోసెయ్యకుండా సర్దుకున్నాయి.

కథ పలచబడేది ఊరి నీటిని తోడేయజూసే ప్రతినాయకుడి దగ్గర. తన భూమి కింది నీటిని తోడుకునే హక్కు యజమానిదేనన్న భావనకు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, అంటే ఆస్తి అనుభవ హక్కులను చెప్పే శాసనం, ఆధారంగా నిలుస్తూ వచ్చింది; కనుక నీటిని తోడేయడం వల్ల కలిగే హానికి నేరమన్న పేరు తేలికగా అతకదు. ఉదాహరణకు, కేరళలోని ప్లాచిమడలో 2000లో మొదలైన కోకాకోలా కర్మాగారం వల్ల బావులు ఎండి, నీరు చెడిందంటూ స్థానిక ఆదివాసీలు 2002లో ఉద్యమించారు. సంస్థకు అపరిమితంగా తోడే హక్కు లేదని 2003 డిసెంబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తేల్చగా, 2004 మార్చిలో ఉత్పత్తి ఆగిపోయింది. ఆ తరువాత 2005లో ద్విసభ్య ధర్మాసనం రోజుకు 5 లక్షల లీటర్ల దాకా తోడుకోవచ్చన్నది. ఇంత మెలిక తిరిగిన వ్యాజ్యాన్ని తెరకెక్కించడం కష్టమని తోచినప్పుడే రచయితలు కిరాయి మూకలను పిలుస్తారు. కాని హైకోర్టు తీర్పులకన్నా ముందు, 2003లోనే, స్థానిక పెరుమాట్టి గ్రామ పంచాయతీ తనకు రాబడి తెచ్చే ఆ కర్మాగారానికి లైసెన్సు పునరుద్ధరించడానికి నిరాకరించింది. రాజకీయ థ్రిల్లర్ రాయదలచినవారికి ఆ పంచాయతీ సమావేశంలోనే కావలసినంత ఉత్కంఠ ఉన్నది.