సమాజకార్య బోధన: ఒక విమర్శ

మన వేదాంత కళాశాలల్లో పలుచోట్ల సమాజకార్యాన్ని దానధర్మాలకు మరో పేరుగానే బోధిస్తున్నారు. ఈ అవగాహన చాలదని మా అభిప్రాయం.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పుడు భవానీపురం ప్రాంతం కూడా నీట చిక్కుకుంది. అలాంటి వేళ అన్నం పొట్లాలు పంచడం కనికరం, అది అవసరమే. అయితే నీరు తీశాక పరిహారపు జాబితాకెక్కని అద్దె కుటుంబాన్ని గుర్తించి, కారణం విచారించి, తన హక్కును తానే అడగగలిగేలా దానికి తోడు నిలవడం సమాజకార్యం.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్ర విషయమై సణుగు పుట్టినప్పుడు సంఘం మరికొంత ఆహారం పంచి ఊరుకోలేదు. ఏడుగురిని ఏర్పరచి పంపిణీ విధానాన్నే సరిదిద్దింది.

ఈ పని ఉపన్యాసాలతో రాదు. 1936లో బొంబాయిలో ఆరంభమై, తరువాత టాటా ఇన్‌స్టిట్యూట్‌గా పేరొందిన సమాజకార్య పాఠశాలకు మొదటి సంచాలకులు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే మిషనరీ. నాగ్‌పాడా పేదల మధ్య పనిచేసిన అనుభవంతోనే ఆయన బోధనకు పూనుకున్నారు.

మన విద్యార్థులకు చాలాచోట్ల పరీక్షాపత్రం ఉంది గాని, పర్యవేక్షణతో కూడిన క్షేత్రకార్యం లేదు. ప్రతి విద్యార్థీ ఒక పేటలో సంవత్సరమైనా కొన్ని కుటుంబాలతో పనిచేసి, తాను రాసిన నివేదికను అధ్యాపకులతో చర్చించాలి. లేకపోతే రేపటి కాపరి పొట్లం ఇవ్వగలడు గాని, ఆకలికి కారణం అడగలేడు.