రెండు గొంతుకల పాట

గుమ్మడికాయలు తూచు త్రాసున ముత్యమునుంచి, ముల్లు కదలలేదు గనుక దీనికి విలువ లేదని పారవైచువానిని చూచి నవ్వనివారుండరు. కాని సంగీతవిమర్శమున నిట్టి తూనిక మన నడుమ నేటికిని సాగుచునే యున్నది. సాలూరు రాజేశ్వరరావుగారును, రావు బాలసరస్వతీదేవిగారును 1940 ప్రాంతమున గ్రామఫోను రికార్డులకై పాడిన యుగళగీతములను శ్రోతలు గుండెకు హత్తుకొనిరి; విమర్శకులో, వానిని లలితమని పేరు పెట్టి ప్రక్కకు నెట్టిరి. ఆ సంగతి తలచినప్పుడెల్ల నాకీ త్రాసు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఇటీవల గోపాలపట్నమున నొక మిత్రుని యింట కొందరము చేరి “కోపమేల రాధా”, “రావే రావే కోకిలా” మున్నగు ఆ పాటలను వరుసగా వింటిమి. ఒకనాడు పెట్టెకు కీ యిచ్చి, ముల్లు మార్చి విన్న పాటలు నేడు అరచేతిలోని ఫోనున పలుకుచున్నవి. ఆ యిల్లు సింహాచలము రైలుస్టేషనుకు చేరువ. గూడ్సుబండి పోవునంతసేపు పాట వినబడలేదు. బండి దాటిన పిమ్మట మరల మొదటినుండి పెట్టుకొంటిమి. వినుట ముగిసిన వెనుక మూడభిప్రాయములు బయలుదేరినవి. కచేరీలెరిగిన పెద్దలొకరు “గొంతు విప్పి పాడనిది పాట యెట్లగును? ఇది గుసగుస” అనిరి. కళాశాలలో చదువు యువకుడొకడు “సినిమాపాటకు తొలిరూపమింతే గదండీ; ఇందు వేరుగా నెన్నదగినదేమున్నది?” అనెను. ఆ యింటి యిల్లాలు మాత్రము “వంటయింట నేను పాడుకొనగలిగిన పాటలివి” అనిరి. ఈ మూడు మాటలను విచారింపవలసియున్నది.

పెద్దల యాక్షేపము నిరాధారము కాదు. వారి చెవులు పెరిగిన వాతావరణమట్టిది. మైకు లేని నాటకశాలలో చివరి బల్లమీది ప్రేక్షకునకు పద్యము వినిపింపవలెనన్న నటుడు గొంతెత్తక తప్పదు. 1935లో వచ్చిన “శ్రీకృష్ణలీలలు” చిత్రమున కంసుడుగా వేమూరి గగ్గయ్యగారు పద్యమెత్తిన నది సింహగర్జనమే. ఆ చిత్రముననే కృష్ణుడుగా నటించిన బాలుడు రాజేశ్వరరావుగారు. రెండు యుగములొకే తెరమీద నెదురుపడినట్లయ్యెను. విద్యుత్సహాయమున ధ్వనిని ముద్రించు పద్ధతి 1925లో పాశ్చాత్యదేశములందు వాడుకకు వచ్చి, పిమ్మట మనకును అందినది. దానికి పూర్వము గాయకుడు పెద్దబూర మూతిలోనికి బిగ్గరగా పాడవలసి యుండెను; మైకు వచ్చిన పిమ్మట ఊపిరియు పాటలో భాగమైనది. కావున మెల్లగా పాడుట చేతగానితనము కాదు. క్రొత్తగా చేతికందిన పనిముట్టు గుణమెరిగి వాడుకొనుట. రాజేశ్వరరావుగారు సాలూరు చెంతనున్న శివరామపురమువారు. నాడది విశాఖపట్టణ మండలములోనిదే. తండ్రి సన్యాసిరాజుగారు ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీనమునకు మృదంగము పట్టినవారు. అట్టి యింట పుట్టినవానికి శాస్త్రము తెలియదనుట పొసగదు. తెలిసియే ఆయన గొంతు తగ్గించెను. రైలు మ్రోతకు ఆ పాట లొంగిపోయిన మాట నిజమే. ప్రక్కన కూర్చున్నవారితో చెప్పుకొను మాటయు నట్లే లొంగును. అంతమాత్రమున ఆ మాట విలువ తగ్గునా?

ఆ పాటల కట్టుబాటును గూడ గమనింపవలయును. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల పలకమీద నొకవైపున సుమారు మూడు నిమిషముల పాటయే పట్టును. అందు ఆలాపనకు చోటు లేదు, స్వరకల్పనకు వ్యవధి లేదు. ఆ యిరుకున నిద్దరు పాడవలెనన్న నెవరికి వారు తమ ప్రజ్ఞ చూపుకొనుట కుదరదు. ఒకరు విడిచిన చోట రెండవవారందుకొనవలయును. ఒకరి మౌనము రెండవవారికి తావీయవలయును. ఈ జంట సాధించిన దిదియే. ఆయన గొంతున నించుక మబ్బు కలదు. ఆమె గొంతున పలుచని వెలుగు కలదు. ఒకటి రెండవదానిని కప్పివేయదు. పోటీ లేని యుగళగానమున కింతకంటె మంచి పాఠము మన రికార్డులలో నాకు కనబడలేదు.

ఇక యువకుని మాట. ఈ జంట 1940లో “ఇల్లాలు” చిత్రమున తెరమీదను కనబడిన మాట వాస్తవమే. కాని యీ రికార్డులు సినిమాకొరకు పుట్టినవి కావు. వీనికి కథ తోడులేదు, తార ముఖము తోడులేదు. పాట తన కాళ్ళమీద తాను నిలువవలసినదే. వీని చుట్టరికము తెరతో కంటె భావకవిత్వముతో నెక్కువ. 1925లో “కృష్ణపక్షము”, “యెంకిపాటలు” వెలువడి తెలుగుపాటను చదువుకొన్న యిండ్లలోనికి తెచ్చినవి. ఆ దారినే యీ పాటలు నడచినవి. అయితే మెచ్చుకొనుటతో విమర్శ తీరదు. రాధ యలుక, కోకిల, తుమ్మెద: సామగ్రి యంతయు పాతదే. వరుస క్రొత్త కాపురమునకు వచ్చినది గాని మాట పుట్టింటి గడప దాటలేదు. నిజముగా నెన్నవలసిన లోపమిది. గొంతు బలమును తప్పుపట్టుచు కూర్చున్న విమర్శకులు దీనిని చూడకయే పోయిరి.

కడపట ఇల్లాలి మాట. ఇదియే నన్నెక్కువగా నాలోచింపజేసినది. వీరేశలింగముపంతులుగారు తమ “వివేకవర్ధని”లో భోగముమేళములను ఖండించిరి. ఆ యుద్యమమునందలి నీతిని నేను కాదనను. కాని మేళము మాన్పించిన సంస్కర్తలు, సంసారస్త్రీ పాడుటకు వేరొక చోటు చూపిరా? పాట తెలిసిన స్త్రీలకు బ్రతుకుతెరువు పోయినది. పాట కోరిన స్త్రీలకు సిగ్గు మిగిలినది. అట్టి తరుణమున గ్రామఫోనుపెట్టె నట్టింట కూర్చుండి, బిగ్గరగా పాడనక్కరలేని పాటను నేర్పెను. మెల్లని గొంతే యిల్లాలికి దొరికిన యనుమతి. 1928లో వేంకటగిరిలో పుట్టిన బాలసరస్వతీదేవిగారు పదునైదేండ్లు నిండకమున్నే యీ పాటలు పాడిరి. 1943లో “భాగ్యలక్ష్మి” చిత్రమునకు నేపథ్యగానము చేసిరి. 1944లో కోలంక జమీందారుగారిని వివాహమాడిరి. పిమ్మట కొన్నేండ్లు పాడి, ఆ వెనుక చిరకాలము పాటకు దూరముగానుండిరి. ఆమె సమకాలికులైన పురుషగాయకులలో నిట్టి మౌనము పాటించినవారెందరు?

రాజేశ్వరరావుగారు 1999లో గతించిరి. ఆ జంటలో నేడెవరును లేరు. రికార్డులు మాత్రము మిగిలినవి. వానిని గొప్పవని మ్రొక్కవలదు, తేలికవని త్రోయవలదు. తలుపు మూసి, ఇద్దరు మాటలాడుకొనుచుండగా విన్నట్లు ఒకసారి వినవలయును. మీ యింట కూనిరాగము తీయుచున్న ఆడుబిడ్డ ఎవరైన గుమ్మములోనికి వచ్చినంతనే పాట ఆపివేయుచున్నదేమో, అదియు గమనింపవలయును. ఆమె ఆపనక్కరలేనినాడే ఆ మెల్లని పాట తన పని ముగించినట్లు.