మినీ కారు, దాని మరమ్మతుదారులు

సూయజ్ సంక్షోభము కారణముగా 1956 డిసెంబరులో బ్రిటనున పెట్రోలునకు రేషను విధింపబడిన తరువాత, తక్కువ పెట్రోలుతో నడచు చిన్నకారు కావలెనని బ్రిటిష్ మోటార్ కార్పొరేషను అధిపతి లియొనార్డ్ లార్డ్ కోరగా, స్మిర్నాలో జన్మించిన అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ 1959 ఆగస్టులో వెలువడెను. 10 అడుగుల పొడవులో నలుగురు పెద్దవారిని ఇముడ్చుటకై ఆయన ఇంజనును అడ్డముగా నిలిపి, గేరుబాక్సును దాని క్రిందనే అమర్చెను.

అట్టి కారును నేటికిని నడిపించుచున్న మెకానిక్కుల నేర్పు ఇసిగోనిస్ ప్రతిభకంటె నాకు తక్కువగా తోచదు. ఇంజనుకును గేర్లకును నూనె ఒకటే గనుక దానిని సకాలమున మార్చని యజమానిని వారెంత మందలించినను తగును. ఎస్‌యు కార్బురేటరును సరిచేయు తీరు మరియు చూడదగినది: లోపలి పిస్టనును ఇంచుక పైకెత్తి, చెవియొగ్గి ఇంజను ధ్వని నాలకింతురు, వేగము హెచ్చి అట్లే నిలిచినచో పెట్రోలు అధికము, వెంటనే నీరసించినచో అల్పము, క్షణకాలము హెచ్చి యథాస్థితికి వచ్చినచో పాలు సరిగా కుదిరినట్లు.

డిస్ట్రిబ్యూటరు ముందుజాలి వెనుకనే యుండుటచే వానలో తడిసి ఇంజను ఆగుట కద్దు. దానికి తొడుగు చాలును. తుప్పు మాత్రము తేలికగా లొంగదు. తలుపుల క్రింది రేకులను, వెనుక సబ్‌ఫ్రేమును అది లోలోపల తినివేయగా, చెడినంత మేర కోసి, క్రొత్త రేకును కొలతకు వంచి, తలుపు సందు చెడకుండ వెల్డింగు చేయువాని ఓర్పునకు నేను చేతులెత్తి నమస్కరింతును. 2000లో ఉత్పత్తి నిలిచినను వారి కొలువు నిలువలేదు.