డప్పు కాచే చేయి
కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి ఉత్సవాల్లో డప్పు మోత అందరూ వింటారు. నా చూపు దానికి ముందు పని మీద ఉంటుంది: గడ్డిమంట దగ్గర డప్పును తిప్పుతూ కాచే చేయి. తోలు బిగుస్తుంది, తట్టి చూస్తారు, చాలదు, మళ్లీ మంట. కాస్త ఏమరితే తోలు మాడిపోతుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది చెవే.

ఈ మోతలోని గణితానికి వాల్తేరుతో చుట్టరికం ఉంది. అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన మీనాక్షిసుందరం, స్వీడన్ గణితజ్ఞుడు ప్లేయెల్‌తో కలిసి 1949లో ఒక పత్రం ప్రచురించారు. వక్రతలం మీద వేడి పాకే తీరును పట్టుకుని (గడ్డిమంట కాదు, సమీకరణంలోని వేడి), ఆ తలం కంపనాల నుంచే దాని వైశాల్యం రాబట్టే దారి చూపారు. డప్పు ఆకారాన్ని వినే పోల్చగలమా అని 1966లో గణితజ్ఞుడు మార్క్ కాట్స్ అడిగాడు. అన్నిసార్లూ కుదరదని 1992లో తేలింది. గుండ్రటి డప్పును మాత్రం పోల్చవచ్చు.